నోట్లో పెట్టగానే అద్దం మసకబారుతోందా? ముందు అది ఆవిరేనా అని చూడండి

మీరు అడిగింది ఇది: డెంటల్ కాలేజీలో హౌస్ సర్జన్‌గా, పుచ్చు పళ్ళు తవ్వి నింపే కన్సర్వేటివ్ డిపార్ట్‌మెంట్‌లో పోస్టింగ్ చేస్తున్నారు. పై దవడ వెనక పళ్ళకు అద్దంలో చూస్తూ క్యావిటీ కట్ చేయాల్సి వచ్చిన ప్రతిసారీ రెండు మూడు సెకన్లలో నోట్లో పెట్టి చూసే ఆ చిన్న అద్దం, మౌత్ మిర్రర్, మసకబారిపోతోంది. తుడిస్తే మళ్ళీ పట్టేస్తోంది. వెనక నిలబడ్డ పీజీలు తొందరపెడుతుంటే టెన్షన్‌తో చేయి వణుకుతోంది. యాంటీ ఫాగ్ స్ప్రే కొనాలా, లేకపోతే స్నేహితులు చెప్పినట్టు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క రాసుకోవచ్చా?

నేను ఇరవై ఏళ్ళు దాటి హైదరాబాద్‌లోనే ప్రాక్టీసు చేస్తున్నాను. మీరు పడుతున్న ఇబ్బంది నాకు బాగా తెలుసు. స్ప్రే ఇప్పుడే కొనకండి. గిన్నెల లిక్విడ్ అసలు వద్దు, అది నోట్లోకి వెళ్ళడానికి చేసిన వస్తువు కాదు. ఇక ఇది చిన్న విషయమని ఎవరైనా అంటే నమ్మకండి. పన్ను తవ్వే డ్రిల్లు, ఎయిరోటర్, నిమిషానికి మూడు లక్షల సార్లకు పైగా తిరుగుతుంది. దాని కొన ఎక్కడుందో కనిపించకుండా ఒక్క క్షణం కూడా కాలు పెడల్ మీద ఉండకూడదు. అద్దం మసకబారినప్పుడల్లా మెడ వంచి నేరుగా చూడటం అలవాటైతే, పదేళ్ళ తర్వాత ఆ మెడే మిమ్మల్ని ప్రాక్టీసు చేయనివ్వదు. మా బ్యాచ్‌లో అలా నడుము, మెడ పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

ముందు అది నిజంగా ఆవిరేనా అని తేల్చుకోండి. నా దగ్గరికి వచ్చిన జూనియర్లు "ఫాగ్ అవుతోంది మేడం" అన్నప్పుడు అద్దం తీసుకుని చూస్తే, చాలాసార్లు అది ఫాగ్ కాదు.

అద్దాన్ని నోట్లో పెట్టకముందే పొడిగా లైటు కింద పట్టుకుని కొంచెం కొంచెం వంచుతూ చూడండి. బయటే మసకగా ఉంటే అది ఊపిరి తప్పు కాదు. నిజమైన ఆవిరి అయితే అద్దమంతా ఒకేలా బూడిదరంగు పొరలా కమ్ముకుంటుంది, నోట్లోంచి తీసి గాలిలో పట్టుకుంటే కొద్ది క్షణాల్లో అంచుల నుంచి విడిపోతుంది. అలా విడిపోకుండా తెల్లటి చుక్కలు మిగిలితే అవి నీటి ఉప్పు మరకలు. సన్నటి గీతలు లైటు చుట్టూ సాలెగూడులా కనిపిస్తే అద్దం గీసుకుపోయింది. పన్ను అంచు రెండుగా కనిపిస్తే మీ చేతిలో ఉన్నది గాజు వెనక పూత ఉన్న మామూలు అద్దం. దాంట్లో గాజు ముందు ముఖం నుంచి ఒక బొమ్మ, వెనక పూత నుంచి ఒక బొమ్మ వస్తాయి. అంచుల్లోంచి చెమ్మ దిగి నల్ల మచ్చలు పడితే ఆ పూత పోయిందన్నమాట. ఇంకోటి కూడా ఉంది. మాస్కు పైనుంచి మీ ఊపిరి ఎగదన్ని మీ కళ్ళద్దాలకో, పెద్దగా చూపించే లూప్స్‌కో పట్టిన మసకను మౌత్ మిర్రర్ మీద వేస్తున్నారేమో చూసుకోండి. ట్రేలో ఉన్న ప్రోబ్ (పన్ను తడిమి చూసే సన్న పరికరం) కూడా మసకగా కనిపిస్తే తప్పు అద్దానిది కాదు. మాస్కులోని తీగను ముక్కు మీద గట్టిగా నొక్కుకుంటే చాలు.

నీటి మరకల సంగతి నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. క్లినిక్ పెట్టిన కొత్తలో మా బిల్డింగులో బోరు నీళ్ళే గతి. పరికరాలను వేడి ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్‌లో కూడా అవే పోసేవాళ్ళం. మూడు నెలలు తిరగకముందే కొత్త అద్దాలన్నీ పాలు ఒలికి ఆరినట్టు తయారయ్యాయి. నేను ఫాగ్ అనుకుని రెండు రకాల స్ప్రేలు కొన్నాను, అద్దాలూ మార్చాను. చివరికి ఒకరోజు మా అసిస్టెంట్ ఇంట్లో గీజర్ కడ్డీకి పట్టిన తెల్ల పొర గురించి చెబుతుంటే, ఆటోక్లేవ్ మూత తీసి లోపల గోడ మీద గోరుతో గీశాను. సున్నంలా పెచ్చు ఊడి వచ్చింది. 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఆ నీటి ఆవిరిలోనే ఉడికిన అద్దం ఎలా ఉంటుంది? ఆ రోజు నుంచి ఆటోక్లేవ్‌లోకి డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ పోయనివ్వలేదు. ఈ నగరంలో బోరు మీద ఆధారపడ్డ కాలేజీలు, క్లినిక్‌లు చాలా ఉన్నాయి కాబట్టి ముందు మీ డిపార్ట్‌మెంట్‌లో ఏ నీళ్ళు పోస్తున్నారో కనుక్కోండి.

గీతల సంగతి కూడా అంతే. బొమ్మ స్పష్టంగా, ఒక్కటిగా రావాలంటే ఫ్రంట్ సర్ఫేస్ అద్దం కావాలి. ఎక్కువగా రోడియం పూత ఉన్నవే దొరుకుతాయి. పూత గాజు పైనే ఉంటుంది కాబట్టి అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో ప్రోబులు, పుచ్చు గీకే ఎక్స్‌కవేటర్లతో కలిపి పడేస్తే వారంలో గీతలు పడతాయి. అద్దాలను విడిగా పెట్టి కడిగించండి. గీతలు పడ్డ అద్దానికి ఏ మందు రాసినా ఉపయోగం లేదు, మార్చాల్సిందే.

ఇవేవీ కాదు, ఆవిరే అని తేలిందనుకోండి. చలికాలం పొద్దున ఇరానీ హోటల్లో చాయ్ కప్పు పెదాల దాకా తెచ్చుకోగానే కళ్ళద్దాలు మసకబారతాయి చూశారా, ఇక్కడ జరుగుతున్నదీ అదే. మనం వదిలే ఊపిరి సుమారు 34 డిగ్రీల వేడితో, ఆవిరి నిండుగా ఉంటుంది. అంత వేడిగాలి ఒక ఘనపు మీటరుకు 37 గ్రాములకు పైగా నీటిని ఆవిరి రూపంలో మోయగలదు. అదే గాలి 24 డిగ్రీలకు చల్లబడితే 22 గ్రాములకు మించి మోయలేదు. ఏసీ గదిలో స్టీలు ట్రేలో పడుకున్న అద్దం ఆ 24 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఊపిరి తగలగానే మోయలేని ఆవిరంతా దాని మీద సన్నటి బొట్లుగా దిగుతుంది. ఒక్కో బొట్టూ వెలుగును ఒక్కో దిక్కుకు చిమ్ముతుంది, అందుకే మసక. అదే నీరు బొట్లుగా కాకుండా పలచటి పొరలా పరుచుకుంటే మీకు బొమ్మ దాదాపు మామూలుగానే కనిపిస్తుంది.

కాబట్టి చేయాల్సినవి మూడే. అద్దాన్ని వెచ్చగా ఉంచాలి, బొట్లు కట్టకుండా నీరు పరుచుకునేలా చేయాలి, లేదంటే ఊపిరి దాని మీదికి రాకుండా చూడాలి. ఎవరు ఏ చిట్కా చెప్పినా అది ఈ మూడింట్లో దేనికి పనికొస్తుందో అడగండి. దేనికీ పనికిరాకపోతే వదిలేయండి.

మా చదువు రోజుల్లో మే నెలలో ఏసీ లేని ఓపీలో ఫ్యాను కింద పనిచేసేవాళ్ళం. చెమటలు కారేవి గానీ అద్దం మసకబారేది కాదు. గదే ఒంటి వేడికి పైన ఉంటే అద్దమూ అంతే వేడిగా ఉంటుంది, ఇక ఆవిరి దిగేదెక్కడ? అదే మే నెలలో ఇప్పుడు నా క్లినిక్‌లో ఏసీ 20లో పెడితే డిసెంబర్ పొద్దుటిలా మసక పడుతుంది. ఏసీ గాలి నేరుగా ట్రే మీద పడే చోట మీ చైర్ ఉంటే ఆ రెక్కలను పక్కకు తిప్పించండి. ఇది పైసా ఖర్చు లేని పని, చాలామందికి తట్టదు.

నేను రోజూ చేసేది చెబుతాను. పేషెంటు నోరు తెరవగానే అద్దాన్ని పంటి దగ్గరికి తీసుకెళ్ళను. ముందు అద్దం ముఖాన్ని బుగ్గ లోపలి చర్మానికి ఆనించి, బుగ్గను పక్కకు లాగుతున్నట్టే అయిదారు సెకన్లు అలా ఉంచుతాను. తర్వాత మెల్లగా ఒకసారి జార్చి తీస్తాను. దీంతో రెండు పనులూ ఒకేసారి అవుతాయి. అద్దం ఒంటి వేడికి దగ్గరవుతుంది, లాలాజలంలోని జిగురు పలచటి పొరలా అంటుకుని నీటిని పరుచుకునేలా చేస్తుంది. డైవింగ్ చేసేవాళ్ళు నీళ్ళలోకి దూకే ముందు కళ్ళ మాస్కు లోపల ఉమ్మి రుద్దుకునేది ఇందుకే. బుగ్గకు బదులు అంగిటి వెనక భాగానికో నాలుక మొదటికో ఆనించకండి, పేషెంటుకు వాంతి వచ్చినట్టు అవుతుంది. నురగ ఎక్కువగా అంటుకుంటే గాజ్ గుడ్డతో ఒక్కసారి ఒత్తండి, రుద్దొద్దు. రుద్దితే ఆ పొర పోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది.

ఇది అందరికీ పనిచేయదు. నోరు ఎండిపోయే పేషెంట్లు ఉంటారు. షుగర్ సరిగా అదుపులో లేనివాళ్ళు, కొన్ని రకాల బీపీ, డిప్రెషన్ మందులు వాడేవాళ్ళు, మెడకు రేడియేషన్ తీసుకున్నవాళ్ళు. వాళ్ళ బుగ్గకు పొడి అద్దం ఆనిస్తే అంటుకుని చర్మం లాగుతుంది. ముందు అద్దాన్ని గోరువెచ్చటి నీళ్ళలో తడపండి.

తర్వాత పేషెంటుతో మాట్లాడాలి. "నోరు పెద్దగా తెరవండి" అని చెప్పి ఊరుకుంటే నోటితోనే ఊపిరి తీస్తారు. "అమ్మా, నోరు తెరిచే ఉంచి ముక్కుతో గాలి పీల్చండి, ముక్కుతోనే వదలండి" అని పని మొదలుపెట్టకముందే చెప్పాలి, మధ్యలో చెబితే కంగారు పడతారు. పాతబస్తీ నుంచి వచ్చే పెద్దవాళ్ళకు "నాక్ సే సాంస్ లీజియే అమ్మా" అంటాను. కొంతమందికి మాటతో అర్థం కాదు, నేనే మాస్కు కొంచెం దించి, నోరు తెరిచి ముక్కుతో పీల్చి చూపిస్తాను. పిల్లలైతే కడుపు మీద చేయి పెట్టుకోమని, ఆ చేయి పైకి కిందికి కదలాలని చెబుతాను. ఆ పని మీద పడి ఏడుపు కూడా ఆపేస్తారు.

గట్టి సక్షన్ విలువ చాలామంది హౌస్ సర్జన్లు గుర్తించరు. అది నీళ్ళు లాగడానికి మాత్రమే అనుకుంటారు. దాని మూతిని పన్ను పక్కన, అద్దానికి దగ్గరగా పెడితే బయటి పొడిగాలి నోట్లోకి వచ్చి అద్దం మీదుగా సాగుతుంది, ఊపిరిని కూడా తనతో తీసుకుపోతుంది. పెదవికి తగిలించే సన్న ఉమ్మి పైపు, సెలైవా ఎజెక్టర్, ఈ పని చేయలేదు. అసిస్టెంట్ ఉంటే గాలి, నీళ్ళు వదిలే త్రీ-వే సిరింజ్‌తో అద్దం ముఖం మీదుగా ఏటవాలుగా, సన్నగా గాలి వదలమనండి. ఎదురుగా కొడితే ఉమ్మి చిమ్ముతుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. పంటి నరం దగ్గరగా తవ్విన క్యావిటీ మీదికి ఆ గాలి వెళితే పేషెంటు ఎగిరిపడతారు. పన్ను తీసిన గుంటలోకో, చిగురు తెరిచిన చోటికో గాలి కొట్టకూడదు. కండల మధ్యకు గాలి చేరి ముఖం ఉబ్బిపోయే ప్రమాదం ఉంది. సర్జరీ చేసేటప్పుడు ఈ పద్ధతిని పూర్తిగా మర్చిపోండి.

వానాకాలంలో త్రీ-వే గాలి కొట్టినా మసక పోవట్లేదంటే కంప్రెసర్ ట్యాంకు చూడండి. అడుగున నీళ్ళు నిలిచి ఉంటాయి. ఆ గాలే తడిగా వస్తోంది, దాంతో అద్దం ఎలా ఆరుతుంది? రోజూ సాయంత్రం కింది వాల్వు తిప్పి ఆ నీళ్ళు వదిలేయాలి.

వేడినీళ్ళ పద్ధతి పాతది, మంచిది. ఈఎన్‌టీ వాళ్ళు గొంతు చూసే చిన్న అద్దాన్ని స్పిరిట్ దీపం మీద వెచ్చచేసి, తమ చేతి వెనక ఆనించి చూసుకుని, అప్పుడు పేషెంటు నోట్లో పెట్టేవాళ్ళు. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీత గురువు అద్దాలతో తన స్వరపేటికను తానే చూసుకున్న దగ్గర్నుంచి ఆ అద్దం వైద్యంలోకి వచ్చింది. చిన్నప్పుడు మా నాన్నను గొంతు చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు ఆ డాక్టర్ గారు దీపం మీద అద్దం చూపించి, చేతి మీద ఆనించుకుని, ఒక్క క్షణం ఆగిన తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. ఆ ఆగడమే ముఖ్యం. మనకు దీపం అక్కర్లేదు. 40 డిగ్రీల చుట్టుపక్కల ఉన్న శుభ్రమైన నీళ్ళలో అద్దాన్ని కాసేపు ముంచి, గాజ్ గుడ్డతో ఒత్తి, మీ మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకోండి. ఆటోక్లేవ్‌లోంచి అప్పుడే తీసిన అద్దం ఎలాగూ వేడిగా ఉందని నేరుగా వాడొద్దు, బుగ్గ కాలుతుంది. ఒకే గిన్నె నీళ్ళలో పొద్దున్నుంచి వచ్చిన పేషెంట్ల అద్దాలన్నీ ముంచడం ఇంకా పెద్ద తప్పు. ఒకరి నోట్లో పెట్టిన అద్దం మళ్ళీ ముంచిన క్షణం నుంచి ఆ నీళ్ళు ఆ పేషెంటువే. ప్రతి పేషెంటుకీ కొత్త గిన్నె, కొత్త నీళ్ళు. ఓపీ రద్దీలో ఇది కుదరకపోతే వేడినీళ్ళు వదిలేసి బుగ్గ పద్ధతే వాడండి.

ఇక రాసుకునే వాటి సంగతి. నోటికి పనికొచ్చేలా తయారుచేసిన యాంటీ ఫాగ్ ద్రావణాలు పనిచేస్తాయి, కాదనను. అవి నీటి బొట్టు తలతన్యతను తగ్గించి దాన్ని పరుచుకునేలా చేస్తాయి. క్లినిక్‌లో అందుబాటులో ఉండే 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ ఒక చుక్క గాజ్ గుడ్డ మీద వేసి అద్దానికి పలచగా రాసినా కొంత ఉపయోగం ఉంటుంది. కానీ క్లోర్‌హెక్సిడిన్ పడనివాళ్ళు అరుదుగా ఉంటారు, పడకపోతే తీవ్రంగానే ఉంటుంది, కాబట్టి హిస్టరీలో అడిగి వాడండి. ఏది రాసినా ఎయిరోటర్ నీళ్ళు తగలగానే కొట్టుకుపోతుంది, మళ్ళీ రాయాలి. స్పిరిట్‌తో తుడిచే అలవాటు కొందరికి ఉంది. స్పిరిట్ ఎగిరిపోతూ అద్దాన్ని ఇంకా చల్లబరుస్తుంది, పొర ఏదీ మిగల్చదు. దాంతో మసక ఇంకా త్వరగా పడుతుంది. కారు అద్దాలకు, హెల్మెట్లకు అమ్మే స్ప్రేలు నోటి దరిదాపులకు కూడా రానివ్వకండి.

ఎయిరోటర్ తిరుగుతున్నప్పుడు మీకు కనిపించకపోవడానికి కారణం చాలావరకు ఊపిరి కాదు, దాని నీళ్ళే. అక్కడ పెద్ద పెద్ద బొట్లు పడతాయి. అద్దాన్ని బర్‌కు, అంటే తవ్వే కొనకు, ఎంత దగ్గరగా పెడితే అంత తడుస్తుంది. కొత్తవాళ్ళు బాగా కనిపించాలని పంటికి ఆనించినంత దగ్గర పెడతారు. కొంచెం వెనక్కి జరిపి చూడండి, బొమ్మ చిన్నదైనా శుభ్రంగా ఉంటుంది. నీళ్ళు కట్టేసి పొడిగా కట్ చేద్దామని మాత్రం అనుకోకండి, వేడికి పంటి నరం చచ్చిపోవచ్చు. రెండు మూడు సెకన్లు కట్ చేయడం, ఆపడం, అద్దం మీద గాలి కొట్టించి చూడటం, మళ్ళీ కట్ చేయడం. ఈ లయ అలవాటైతే టెన్షన్ దానంతటదే తగ్గుతుంది.

వీలైన ప్రతి కేసులో రబ్బర్ డ్యామ్, అంటే పన్ను మాత్రమే బయటికి వచ్చేలా రంధ్రం చేసిన పలచటి రబ్బరు షీటు, వేయండి. 1864లో న్యూయార్క్‌లో బార్నమ్ అనే డెంటిస్టు ఉమ్మి తగలకుండా పన్నును వేరుచేయడానికి మొదలుపెట్టిన పద్ధతి ఇది. పన్ను షీటుకు ఇవతల, ఊపిరి అవతల ఉంటాయి కాబట్టి అద్దానికి ఆవిరి పట్టడం బాగా తగ్గిపోతుంది. వేయడానికి పది నిమిషాలు పడుతోందని మీ బ్యాచ్‌లో అందరూ తప్పించుకుంటూ ఉండొచ్చు. ఇరవై సార్లు వేస్తే రెండు నిమిషాల పని అవుతుంది. ముక్కు పూర్తిగా మూసుకుపోయినవాళ్ళకు మాత్రం వేయకూడదు, వాళ్ళకు ఊపిరి ఆడేది నోటితోనే.

ఆ ముక్కు సంగతి ఒక్కటి చెప్పి ఆపుతాను. మొన్న జనవరిలో అరవై దాటిన ఒక అమ్మ వచ్చారు. పై దవడ కుడివైపు రెండో దవడపన్నుకు వెనక వైపు పుచ్చు, తీవ్రమైన జలుబు. బుగ్గకు ఆనించినా, సక్షన్ పెట్టినా, నాలుగు సెకన్లకే అద్దం కమ్ముకుపోతోంది. నాలుగోసారి తుడిచాక ఆవిడ ముఖం చూశాను. నోరు తెరిచి ఉంచడానికి, ఊపిరి అందుకోవడానికి మధ్య నలిగిపోతున్నారు, చైర్ చేతిని పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. అద్దం చెబుతున్నది అదేనని అప్పుడు అర్థమైంది. చైర్ లేపి కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, పుచ్చు మెత్తగా ఉన్నంత మేర చేత్తోనే ఎక్స్‌కవేటర్‌తో తీసి టెంపరరీ సిమెంటు పెట్టి పంపాను. పది రోజుల తర్వాత జలుబు తగ్గి వచ్చారు. అదే చైర్, అదే అద్దం. పని అరగంటలో అయిపోయింది, మధ్యలో ఒక్కసారి కూడా అద్దం తుడవాల్సిన అవసరం రాలేదు.